తరగని చింతపండు

చింతపండు ఎండుతుంది. ఎండితే తూకం తరుగుతుంది. ఇంతవరకూ దేవుడి పని. ఎంత తరగాలన్నది మాత్రం కొండ ఫలసాయాల సంస్థవారి పని.

సంస్థ పుట్టిన కొత్తలో ఎవరో పెద్దాఫీసరు ఫ్యాను కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, 'క్వింటాలుకి ఏడాదికి అయిదు కిలోలు' అని రాసి సంతకం పెట్టాడు. ఆనాటి నుంచీ సంస్థ గోడౌన్లలో చింతపండు బహు క్రమశిక్షణతో మెలగసాగింది. ఎండలు మండిపోయిన ఏడూ అయిదే. తుఫానుకి గోడౌన్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చిన ఏడూ అయిదే. పైకప్పు ఎగిరిపోయిన ఏడు కూడా, ఆ కప్పు ఎక్కడ పడిందో వెతికేలోగా, అయిదు కిలోలూ తరిగి ఊరుకుంది.

నిజానికి సముద్రపు గాలి తగిలే ఆ జిల్లాలో క్వింటాలు చింతపండు ఏడాదంతా మగ్గినా అరకిలోకి మించి తరగదు. మిగిలిన నాలుగున్నర కిలోల మాటేమిటని అడిగే అమాయకులు సంస్థలో ఉండేవారు కారు. మార్చి నెలాఖరున ఆ మిగులును బస్తాల కెత్తి, హోదాను బట్టి ఎవరి గుమ్మంలో వారికి దింపేవారు. దీన్ని 'తరుగు దించడం' అనేవారు. దొంగతనమన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. తిలా పాపం తలా పిడికెడు అన్నారు గాని, తలా రెండేసి బస్తాలు పంచుకున్నాక అది పాపమెందుకవుతుంది? ఆచారమవుతుంది. పరాయి ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టని ఆడిటరుగారు సైతం, చింతపండుకి మైల లేదని పుచ్చుకునేవారు.

ఇటువంటి చోటికి సింహాచలం బదిలీ మీద వచ్చాడు.

సింహాచలం అంతవరకూ సంస్థలోనే కొండచీపుళ్ళ విభాగంలో పనిచేశాడు. చీపుళ్ళు లెక్కపెట్టే సరుకు. వెయ్యి చీపుళ్ళు ఎంత ఎండినా వెయ్యే ఉంటాయి. అందుచేత తరుగన్న మాట అతని సర్వీసులో ఎన్నడూ తగల్లేదు. రిటైర్మెంటు ఇంక రెండేళ్ళుందనగా చింతపండు గోడౌన్‌కి కీపరుగా వేశారు. చేపపిల్లకి ఈత నేర్పాలా అనుకుని, తరుగు దించడం గురించి ఎవరూ అతనికి చెప్పలేదు. మార్చి రాగానే అతను సరుకంతా తూకం వేయించాడు. కాటా ఎంత చూపిస్తే అంత రాసి, నేరుగా హెడ్డాఫీసుకి పంపేశాడు. చీపుళ్ళ వాళ్ళు అలాగే చేస్తారు.

రీజనల్ మేనేజరు పురుషోత్తంగారు అతన్ని గదిలోకి పిలిపించారు.

"తరుగెంత తేలిందయ్యా?"

"క్వింటాలుకి అరకిలో అండి."

"మరి తక్కింది?"

"గోడౌన్‌లోనే ఉందండి."

"గోడౌన్‌లోనా!" పురుషోత్తంగారు కుర్చీలోంచి లేచారు. "ఎవరు పెట్టారక్కడ?"

"ఎవరూ పెట్టలేదండి. అది తరగలేదంతే."

పురుషోత్తంగారు లోకం చూసినవారు. మనిషి ఇంత మాట అన్నాడంటే వెనక ఏదో ఉంటుందని ఆయనకు తెలుసు. గొంతు తగ్గించి, "వాటా చాలదా? చెప్పు, ఒక బస్తా అటో ఇటో చూద్దాం" అన్నారు.

"వాటా ఏటండి?" అన్నాడు సింహాచలం.

వీడెంత జగజ్జంత్రో అని పురుషోత్తంగారు విస్తుపోయారు.

ఈలోగా హెడ్డాఫీసులో గగ్గోలు పుట్టింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఏడాది మొదట్లోనే రాబోయే తరుగును లెక్కల్లోంచి కొట్టేస్తారు. వెయ్యి క్వింటాళ్ళ సరుకులో యాభై క్వింటాళ్ళు ఏప్రిల్లోనే చట్టప్రకారం గతించాయి. వాటిలో అయిదు మాత్రమే నిజంగా గతించాయనీ, నలభై అయిదు ఇంకా కులాసాగా ఉన్నాయనీ సింహాచలం కాగితం చెప్పింది. అంటే యాభై కిలోలవి తొంభై బస్తాలు. లేని సరుకు ఉండడం సంస్థ చరిత్రలో ఎరగం అన్నారు పెద్దలు. ఉన్న సరుకు లేకపోవడానికి నూరు నిబంధనలున్నాయి. లేని సరుకు ఉండడానికి ఒక్కటీ లేదు.

వారం తిరక్కుండా అభియోగపత్రం వచ్చింది.

'గోడౌన్ కీపరు శ్రీ సింహాచలం, అనుమతించబడిన తరుగును జరగనివ్వక, సదరు తరుగును దురుద్దేశపూర్వకంగా సరుకు రూపంలో అట్టేపెట్టి, తద్వారా సంస్థకు రావలసిన నష్టాన్ని రానివ్వక, సంస్థ తాలూకు తరుగును స్వాహా చేసినట్లు ప్రాథమికంగా రూఢి అయినందున, విచారణ ముగియువరకు సస్పెన్షన్‌లో ఉంచడమైనది. నేరం రుజువైనచో ఉద్యోగం నుండి తొలగించి, పింఛను, గ్రాట్యుటీ నిలిపివేసి, పోలీసులకు అప్పగించబడును.'

సింహాచలం ఆ కాగితాన్ని బస్టాండులో నిలబడి చదివాడు. బస్సెక్కి చదివాడు. ఇంటికెళ్ళి భార్య వరహాలుకి చదివి వినిపించాడు.

"తిన్నోలందరూ సల్లగున్నారు. తినని మీకు కేసేటండీ?" అంది వరహాలు.

"తిననందుకే కేసు."

"అయితే ఎల్లి తినీసి రండి."

"నీకు ఎగతాళిగా ఉంది" అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎగతాళి కాదు, కడుపుమంట. ఆమెకు ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఆఫీసునుంచి వచ్చిన చీపురుపుల్ల ఒక్కటీ లేదు. చీపుళ్ళ గోడౌన్ కీపరు పెళ్ళాం బజార్లో చీపురు కొనుక్కుంటోందని వీధంతా నవ్వితే పడింది. అతనికి మిగిలిందల్లా ఆ ఒక్క గొప్పే: ఎవరి సొమ్మూ తినలేదని. ఇప్పుడు అదీ పోయింది. ఉద్యోగం పోతే గంజి తాగి బతకొచ్చు, జైలుకెళ్ళినా ఏదో ఒకనాడు బయటికి రావొచ్చు; సింహాచలం తినేశాడన్న మాట కాగితం మీద ఉండిపోతే ఎక్కడికని వెళ్ళడం? అతనికి కావలసింది ఒక్క ముక్క. 'వీడు తినలేదు' అని ఎవరైనా రాసి, సీలు వేసి ఇవ్వాలి.

లోకం తీరు వేరుగా ఉంది. సస్పెన్షన్ కబురు తెలియగానే వీధిలో సింహాచలం పరపతి పెరిగిపోయింది. అప్పు అడిగితే మొహం తిప్పుకునే కిరాణా కొట్టు కామరాజు, బల్ల తుడిచి కూర్చోబెట్టి, "ఎంత గిట్టిందేటి మేస్టారూ?" అని ఆప్యాయంగా అడిగాడు. పండక్కి పిలవడం కూడా మానేసిన బావమరిది ఈశ్వర్రావు యాపిల్ పళ్ళతో దిగాడు.

"బావా, నిన్ను ఇన్నాళ్ళూ తక్కువంచనా ఏసీసినాను. తొంబై బస్తాలా! ఒక్క దెబ్బకి!"

"నేను తినలేదురా."

"అంతే, అలాగే అనాల. నా దగ్గర కూడా అలాగే అను" అని ఈశ్వర్రావు మెచ్చుకోలుగా భుజం తట్టాడు. వెళ్ళేటప్పుడు ఆ డబ్బులో కొంత తన చిట్టీల్లో పెట్టమని చెవిలో చెప్పాడు. సింహాచలానికి ఏడుపొచ్చింది. మంచివాడిగా ఉన్నన్నాళ్ళూ అతని గుమ్మం ఎవరూ తొక్కలేదు.

ఈశ్వర్రావే అతన్ని జగ్గారావు దగ్గరకు తీసుకెళ్ళాడు. జగ్గారావు సంస్థలోనే హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. కాజేశాడని ఉద్యోగంలో ఉండగా ఆయన మీద నాలుగుసార్లు అభియోగాలు పెట్టారు, నాలుగుసార్లూ నిర్దోషిగా తేలాడు. ఆ అనుభవంతో ఇప్పుడు చిక్కుల్లో పడిన ఉద్యోగుల తరఫున విచారణల్లో వాదిస్తుంటాడు. వయసు మళ్ళి, చేతికర్ర పట్టుకున్నా, చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టుంటాడు.

"తిన్నావా?" అన్నాడు జగ్గారావు, మరచెంబు మూత తీస్తూ.

"లేదండి."

"ఒక్క బస్తా?"

"ఒక్క పిక్క కూడా లేదండి."

జగ్గారావు మొహం దిగులుగా పెట్టాడు. "అయితే కేసు కష్టమేనయ్యా. తిన్నవాణ్ణి తప్పించడానికి చట్టంలో సవాలక్ష దారులున్నాయి. తిననివాడి కోసం ఎవడు రాశాడూ?" కాసేపు ఆలోచించి, వేళ్ళు మడిచాడు. "విను. స్వాహా కింద శిక్ష పడాలంటే సరుకు నీకు అప్పగించినట్టు చూపించాలి. నువ్వు దాన్ని సొంతానికి వాడుకున్నట్టు చూపించాలి. మోసం చేసే బుద్ధితోనే చేశావని కూడా చూపించాలి. ఇందులో ఏది రుజువు కాకపోయినా నువ్వు బయటపడతావు. ఎవరేం రాసి తెచ్చినా సంతకం పెట్టకు. తప్పయిందని ఎవరి కాళ్ళమీదా పడకు. సస్పెన్షన్‌లో సగం జీతం ఇస్తారు, అది అడిగి పుచ్చుకో, సిగ్గుపడకు."

ఎంత చక్కగా చెప్పాడో అని సింహాచలం పొంగిపోయాడు. "సరుకంతా గోడౌన్‌లోనే ఉంది కదండీ. వచ్చి చూసుకుంటే సరిపోతుంది కదా!"

"అదే వాళ్ళ కేసయ్యా. అదక్కడ ఉండడమే నేరం" అన్నాడు జగ్గారావు.

విచారణాధికారి నీలాద్రిరావుగారని, హెడ్డాఫీసు నుంచి వచ్చారు. బంగారు ఫ్రేము కళ్ళజోడు, మెత్తటి కంఠం. మొదటి రోజే సంస్థ తరఫున ఒక నిపుణుణ్ణి ప్రవేశపెట్టారు. ఆయన చింతపండు ఎండుదల మీద పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నవాడు.

"చింతపండు అయిదు శాతం తరుగుతుందని మీరు దేన్నిబట్టి చెబుతారు?" అని జగ్గారావు అడిగాడు.

"సంస్థ నిబంధనను బట్టి."

"నిబంధన దేన్నిబట్టి రాశారు?"

"నా పరిశోధనను బట్టి సమర్థించుకున్నారు."

"మీరు చింతపండు తూచారా?"

"అవసరం రాలేదు. నిబంధన స్పష్టంగానే ఉంది" అన్నాడు నిపుణుడు.

నీలాద్రిరావుగారు తృప్తిగా తల పంకించి రాయించారు: 'ప్రకృతి తన విధిని నిర్వర్తించుటకు సిద్ధముగానే యుండెను, నిందితుడు అడ్డుపడినట్లు ధ్వనించుచున్నది.'

"అయ్యా, నేనెలా అడ్డుపడతానండి? చింతపండుకి నేనేం చెబితే వింటుందండి?" అన్నాడు సింహాచలం, ఉండబట్టలేక.

"అది మీరు సంజాయిషీలో తెలుపవలసిన విషయం" అన్నారు నీలాద్రిరావుగారు మృదువుగా.

జగ్గారావు లేచి, తొంభై బస్తాలనూ సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలని కోరాడు. సింహాచలం ప్రాణం లేచొచ్చింది. తను తినలేదనడానికి భూమ్మీద ఉన్న సాక్ష్యం ఆ బస్తాలే. వాటిని విచారణ జరిగే ఆఫీసు వెనక గదిలోకి చేర్చి, ఒక్కొక్కదానికీ చీటీ కట్టి, లక్కతో సీలు వేసి, తలుపుకి తాళం పెట్టారు. అతను ప్రతి చీటీ మీదా తన చేత్తోనే నంబరు వేశాడు. ఇంటికెళ్ళి వరహాలుతో, "ఇంక భయం లేదు, సాక్ష్యం తాళంలో ఉంది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తరవాతి వాయిదాకి తలుపు తీస్తే బస్తాలు కాస్త పలచబడినట్టనిపించింది. లెక్కపెట్టాడు. డెబ్భై ఎనిమిది.

"పరీక్షకు నమూనాలు తీయించాం. నాణ్యత కూడా తేలాలి కదా" అన్నారు నీలాద్రిరావుగారు.

నమూనా అంటే చిటికెడు కాదా అని సింహాచలం గొణిగాడు. నమూనా పరిమాణం విచారణాధికారి విచక్షణకు లోబడి ఉంటుందని ఆయన నిబంధన చదివి వినిపించారు. ఆయన విచక్షణ పెద్దదని ఆ సాయంత్రం జీపు వెనక భాగం చూసిన వాళ్ళందరికీ అర్థమైంది.

పురుషోత్తంగారు సంస్థ తరఫున వాదించేవారు కనుక వాదన తయారుచేసుకోవడానికి ఆయనకూ నమూనాలు కావలసివచ్చాయి. ముందుజాగ్రత్తగా కబురు పెట్టిన పోలీసు స్టేషన్ నుంచి ప్రాథమిక పరిశీలనకని వచ్చి కొన్ని పట్టుకెళ్ళారు. నిపుణుడికి కొత్తగా పరిశోధన మీద మమకారం పుట్టింది. సెలవుల్లో ఉన్న ఆడిటరుగారు కూడా ఆటో కట్టించుకుని వచ్చారు. వాయిదా వాయిదాకీ గది విశాలమవుతూ వచ్చింది.

సింహాచలానికి నిద్ర పట్టడం మానేసింది. ఒకనాడు విచారణ మధ్యలో లేచి నిలబడ్డాడు. "బాబూ, మీకు దణ్ణం పెడతాను. అది చింతపండు కాదు, నా సాక్ష్యం! నా సాక్ష్యాన్ని తినేస్తున్నారు బాబూ!"

జగ్గారావు అతన్ని చొక్కా పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు.

"నీకు బుద్ధుందా? నోరు మూసుకు కూర్చో. బస్తాకి బస్తా నిన్ను వాళ్ళు విడిపిస్తుంటే, మధ్యలో నీ గోలేటి?"

"అవి అయిపోతే నేను తినలేదని ఎవరు నమ్ముతారండి?"

"ఎవడికి కావాలయ్యా అది? నీ మీద కేసేటి? తరుగు జరగలేదని. ఇప్పుడది జరుగుతోందా లేదా? దేవుడు మెల్లిగా చేసే పనిని ఈ ఆఫీసు చురుగ్గా చేస్తోంది. నువ్వు అడ్డు రాకు."

సింహాచలం మెట్ల మీద కూలబడ్డాడు. ఆ ముసలాయన చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. అదే భయంగా ఉంది.

ఆఖరి వాయిదా నాటికి గదిలో ఒకే ఒక్క బస్తా ఉంది. జగ్గారావు ఆనాడు మాట్లాడిన తీరు ఆ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఏలినవారూ! ప్రకృతికి తొందర లేదు. తరుగు ఆలస్యమైంది గాని మానలేదు. మీ కళ్ళ ఎదుట, మీ సీళ్ళ కింద, మీ తాళంలోనే అది సంపూర్ణంగా జరిగింది. జరగలేదని ఎవరైనా అంటే, మరి బస్తాలెక్కడున్నాయో వారే చెప్పాలి."

పురుషోత్తంగారు కిటికీలోంచి బయటికి చూశారు. నీలాద్రిరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. బస్తాలు ఎక్కడికెళ్ళాయో అందరికీ తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు.

తీర్పు పదిహేను రోజులకి వచ్చింది. సింహాచలం దాన్ని కూడా బస్టాండులోనే చదివాడు.

'నిందితుడు తరుగును సకాలంలో నిర్వర్తింపక జాప్యము చేసినను, తదుపరి సంస్థ ఆచారము ననుసరించి సదరు తొంబది బస్తాలను పూర్తిగా వినియోగించినట్లు సాక్ష్యములు లేకపోవుటను బట్టి రూఢి యగుచున్నది. అనుమతించిన పరిమాణమునకు మించి గ్రామైనను వినియోగించినట్లు దాఖలా లేదు. కావున నిందితుడు నిర్దోషి యనియు, నిజాయితీపరుడనియు నిర్ణయించి, తక్షణమే విధులలోనికి తీసుకొనడమైనది.'

రెండోసారి చదివాడు. తిన్నాడనే రాశారు. రూలు ప్రకారం తిన్నాడని, అందుకని నిజాయితీపరుడని రాశారు. సీలు కూడా వేశారు.

సాయంత్రం సంస్థ జీపు ఇంటి ముందు ఆగింది. జగ్గారావు దిగి, ఆఖరి బస్తాను అరుగు మీద పడేయించాడు. చీటీ మీద సింహాచలం చేతిరాతతోనే తొంభై అని ఉంది.

"ఇదేటండి?"

"నీ వాటా. కీపరుకి ఒకటి. మేనేజరుగారు తమ చేత్తో పంపారు."

"నాకొద్దండి. తీసుకుపొండి."

"పిచ్చివాడా, నువ్వు తిరగ్గొడితే తరుగులో ఒక బస్తా తక్కువవుతుంది. లేని సరుకు మళ్ళీ ఉన్నట్టవుతుంది. కేసు మొదటికొస్తుంది" అని జగ్గారావు జీపెక్కాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఇన్నాళ్ళకి ప్రయోజకుడయ్యాడన్నారు.

సింహాచలం ఆ బస్తాని లోపలికి ఈడ్చి మూలగదిలో పెట్టాడు. సీలు తియ్యొద్దని వరహాలుతో ఒట్టు వేయించుకున్నాడు. ఆమె మళ్ళీ కామరాజు కొట్టుకే వెళ్ళి పావుకిలో చింతపండు కొనుక్కుంది. మళ్ళీ మార్చి రాగానే తరుగు దించే పని పురుషోత్తంగారు దగ్గరుండి జరిపించారు. సింహాచలం అయిదు కిలోలని రాసి సంతకం పెట్టాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

రిటైరయ్యాడు. దండ వేశారు, నిజాయితీకి మారుపేరన్నారు. ఆ మర్నాడు పొద్దున్నే కామరాజు కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చి, బస్తాని ఎత్తి పెట్టాడు. సీలు వేసిన నాడు సరిగ్గా యాభై కిలోలు. ఏడాది తిరిగిపోయింది. ముల్లు ఆగేదాకా వంగి చూశాడు.

"పావుకిలో! వరహాలూ, పావుకిలోయే తరిగింది! రా, చూడు! క్వింటాలుకి అరకిలో. నేను రాసిందే నిజం. చెప్పానా లేదా?" అంటూ చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

వరహాలు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "సెప్పినారు. నానెప్పుడు కాదన్నాను?" అంది. ఈ మాట రాసిచ్చేవాళ్ళు లేకపోతే పోయారు, ఇంట్లో ఒక మనిషి చూసింది, చాలనుకున్నాడు.

అంతలో అతని మొహంలో రంగు మారింది. వీధి తలుపు వైపు చూశాడు. గబగబా వెళ్ళి గడియ పెట్టి వచ్చాడు.

"ఏటయినాది?" అంది వరహాలు.

"రూలు ప్రకారం యాభై కిలోలకి రెండున్నర తరగాలి. పావే తరిగింది. తక్కిన రెండుంపావు కిలోలూ ఇంట్లోనే ఉన్నాయి" అన్నాడు గుసగుసగా. సీలు తెంపాడు. బస్తా మూతి విప్పి, దోసిళ్ళతో చింతపండు తీసి ఆమె కొంగులో పోశాడు. "పొయ్యి వెలిగించు. చారు పెట్టు, పులిహోర కలుపు, ఏదో ఒకటి చెయ్యి. ఎవరైనా రాకముందే తినేయాలి."

వరహాలు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, కొంగు బిగించుకుని వంటింట్లోకి వెళ్ళింది.